రేగడిలో లాగే బండి

దానయ్య కారు కొంటున్నాడని మా పేటంతా ఒకటే నవ్వు. నవ్వేవాళ్లు నా ఎదుట నవ్వితే బాగుండేది, చీపురు నా చేతిలోనే ఉంది. ఇరవై ఏళ్లు వీపున డబ్బా మోస్తూ ఊళ్లో వాళ్ల మిరప చేలకి మందు కొట్టినవాడు, పని లేని రోజుల్లో శివరామకృష్ణ గారి ట్రాక్టరు తోలినవాడు, కారు బేరమాడటమేమిటని వాళ్ల కడుపుమంట. దానయ్య మా ఆయన. కొంటున్నది ఆయన కాదు, మా అమ్మాయి స్తుతి. కానీ ఆ ముక్క చెప్పి ఆయన ముచ్చట ఎందుకు పాడుచెయ్యాలని నేనూ ఊరుకున్నాను.

స్తుతి డిగ్రీ అయ్యాక డ్వాక్రా గ్రూపు తరఫున డ్రోను నడపడం నేర్చుకుని వచ్చింది. డ్రోనంటే ఇంకేం లేదు, గాల్లో ఎగిరే మందు డబ్బా. గట్టు మీద నిలబడి చేతిలో రిమోటు పెట్టె మీటలు కదుపుతుంటే ఎకరం చేను పది నిమిషాల్లో తడిసిపోతుంది. మనిషి చేలో దిగే పని లేదు, మందు మీద పడే భయం లేదు. మొదటిసారి అది ఎగిరినప్పుడు మా ఆయన తలెత్తి చూసి, "ఇదేదో ఇరవై ఏళ్ల ముందు వచ్చుంటే నా వీపు మిగిలేదే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

చిక్కల్లా చేల దాకా పోవడంలోనే ఉంది. మాది పెదనందిపాడు వైపు ఊరు, అంతా నల్లరేగడి. ఎండాకాలం చేలకి పోయే మా డొంకలు సిమెంటు కంటే గట్టి. ఒక్క వాన పడితే చాలు, చెప్పు వేస్తే చెప్పు ఉండిపోతుంది, చక్రం వేస్తే చక్రం ఉండిపోతుంది. మొదట ఆటో మాట్లాడుకున్నాం, మూడుసార్లు దిగబడేసరికి ఆటోవాడు మా ఫోను ఎత్తడం మానేశాడు. ట్రాక్టరు అడిగితే, అందరికీ పని ఉన్న రోజే మనకీ పని. అందుకని మనదే ఒక చిన్న బండి ఉండాలంది స్తుతి. డ్రోను, బ్యాటరీలు కుదుపు లేకుండా లోపల పెట్టుకోవాలి. జనరేటరు, నీళ్ల డ్రమ్ములు, మందు సీసాలు వెనక చిన్న ట్రాలీలో తగిలించుకోవాలి. మందు వాసన బండి లోపలికి రాకూడదు. ఈ చివరి మాట ఎవరి కోసమో నాకు తెలుసు.

"నేను డ్రోను ఎగరేస్తా, నువ్వు బండి నడుపు నాన్నా" అందది ఒకరోజు అన్నం తింటూ.

ఆ ముందు రెండేళ్లుగా మా ఆయన మంచానికీ గుమ్మానికీ మధ్య బతుకుతున్నాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు తిమ్మిరెక్కి మొద్దుబారాయి. గుంటూరు పెద్ద డాక్టరు నరాల జబ్బన్నాడు. మందులు కొట్టడం వల్లేనా అంటే గట్టిగా చెప్పలేనన్నాడు, ఇక మీదట మందు గాలి సోకే చోటికి పోవద్దని మాత్రం గట్టిగానే చెప్పాడు. ట్రాక్టరు మాన్పించారు, కూలికి ఎవరూ పిలవడం లేదు. గడ్డం గీసుకోవడం కూడా ఆదివారం ప్రార్థనకి పోయేటప్పుడే. స్తుతి ఆ మాట అన్న మర్నాడు లేచి చూద్దును కదా, బుధవారం పూట అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఆ రోజు నుంచి రోజూ గీసుకున్నాడు. అద్దాలు బిగించిన బండి లోపల, స్టీరింగు ముందు, కూతురి పక్కన కూర్చునే కొలువు ఆయనకి. ఆయనకి ఈ లోకంలో మిగిలిన చోటు అదొక్కటే, అది మా ముగ్గురికీ తెలుసు.

తెలియంది స్తుతికి ఒకటుంది. ఆ కాలు ఎంత మొద్దుబారిందో దానికి తెలియదు. కొంచెం బలం తగ్గిందనుకుంది. రాత్రిళ్లు నూనె రాసేదాన్ని నేను. గోరుతో గిచ్చినా ఆయనకి తెలియదు. ఒకసారి పొయ్యిలోంచి నిప్పుకణిక జారి పాదం మీద పడితే, వాసన వచ్చి నేను చూశాను గానీ ఆయన కాదు. "పిల్లకి చెప్పకే కుమారీ" అన్నాడు. చెప్పలేదు. నాది తప్పే. గడ్డం గీసుకునే మనిషి నాకు కావాలి, అందుకే చెప్పలేదు.

ఎడమవైపే ఎందుకంటే, మా వాళ్ల తెలివే. మందు నీళ్లలో కలపడానికి కర్ర ఎవరు వెతుక్కుంటారు? మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పేవాళ్లు. అయితే కుడిచెయ్యి అన్నం తినేది కదా, అందుకని జాగ్రత్తగా ఎడమ చెయ్యి పెట్టేవాళ్లు. మా పేటలో మందు కొట్టే మగవాళ్లంతా అంతే. డబ్బా కారేది కూడా పంపు కొట్టే చేతికి అవతల వైపు, ఎడమ తుంటి మీదే. కుడిచేత్తో నా వంట శుభ్రంగా తిన్నాడు మహానుభావుడు, ఎడమవైపంతా మందుకి ఇచ్చేశాడు.

బండ్లు చూడటానికి గుంటూరు పోయాం. చిలకలూరిపేట రోడ్డులో పాత కార్లమ్మే కరుణాకర్ గారి యార్డు. మంచి మాటకారి. ఎర్ర బండి ఒకటి చూపించి లోపల టీవీ అంత తెర, పైన తెరుచుకునే అద్దం అన్నీ చెప్పుకొచ్చాడు. మా ఆయన ఆ మాటలేవీ చెవిన పెట్టక నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరాడు. తెల్లచొక్కా. ఉతికేది నేను.

"దానయ్య గారూ, లిఫ్టు ఎక్కించి చూపిస్తానుగా!" అన్నాడు కరుణాకర్.

"లిఫ్టు మీద అన్ని బండ్లూ ఎత్తుగానే ఉంటయ్యండీ. కడుపు నేలకెంత దగ్గరుందో చూడాల. ట్రాలీ తగిలించే హుక్కు రేకుకి కట్టారా, చట్రానికి కట్టారా అది చూడాల" అన్నాడు కింద నుంచే.

చివరికి రెండు మిగిలాయి. వాటి పేర్లు నాకు నోరు తిరగవు. ఎర్రది ఆటోమేటిక్. క్లచ్చి లేదు, గేర్లు మార్చక్కర్లేదు, ఎడమ కాలికీ ఎడమ చేతికీ పనే లేదు. కాకపోతే ముందు చక్రాలు రెండే లాగుతాయి. రెండోది బూడిద రంగుది, పొట్టిగా, బొత్తిగా అందం లేకుండా ఉంది. అది నాలుగు చక్రాలతోనూ లాగుతుంది. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న లివరు ఉంది, అది వేస్తే నత్తలా పోతుంది గానీ ఎంత బరువైనా లాగుతుందట. దానికి క్లచ్చి ఉంది. మహా గట్టి క్లచ్చి, నేను చేత్తో నొక్కి చూశాను.

ఎర్రది రోడ్డు మీద మా ఆయన నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. ఎంత హాయిగా నడిపాడో! బస్సుని దాటాడు, లారీకి దారిచ్చాడు, కుడి కాలొక్కటే పనిచేస్తోంది, ఆయన ముఖం అద్దంలో కనబడుతోంది. పెళ్లైన కొత్తలో సైకిలు మీద నన్ను చేబ్రోలు తీసుకెళ్లినప్పటి ముఖం అది. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఈ బండే కొనాలని నేను అప్పుడే తీర్మానించేశాను. రేగడి ఎలా పోతే నాకేం?

ఆయనే అడ్డుపడ్డాడు. "రోడ్డు మీద గాడిద కూడా నడుస్తదమ్మా. వాన పడ్డ రెండో రోజు రెండు బండ్లూ మా డొంకలోకి తీసుకురమ్మను, ట్రాలీ తగిలించి చూద్దాం" అన్నాడు స్తుతితో. కరుణాకర్ మొదట నసిగాడు, బేరం పోతుందని ఒప్పుకున్నాడు.

వాన కార్తీకంలో పడింది. రెండో రోజు ఉదయం కరుణాకర్ ఎర్రదాన్ని, ఆయన మెకానిక్కు బూడిదదాన్ని తోలుకుని వచ్చారు. శివరామకృష్ణ గారి మిరప చేను పక్క డొంకలో ట్రాలీ మీద రెండు డ్రమ్ముల నీళ్లు నింపి ఎర్రదానికి తగిలించాం. మా ఆయన ఎక్కాడు.

ఆయన రేగడిలో బండి తోలుతుంటే చూడాలి. ఒకప్పుడు ఎవరి ట్రాక్టరు దిగబడ్డా దానయ్యని పిలవండి అనేవాళ్లు. చక్రాలు కోసిన గాళ్ళు తప్పించి గడ్డి ఉన్న వారగా పట్టాడు. మధ్యలో నీటి మడుగు దగ్గర చక్రాలు ఊరికే తిరిగాయి, ట్రాలీ వెనక్కి గుంజింది. మాకు సైగ చేస్తే నేనూ స్తుతీ పత్తికట్టె తెచ్చి చక్రాల కింద వేశాం. ముందుకి రెండడుగులు, వెనక్కి అడుగు, మళ్లీ ముందుకి. ఇరవై నిమిషాలు పట్టింది గానీ అవతలికి ఎక్కించేశాడు. కరుణాకర్ చప్పట్లు కొట్టాడు. స్తుతి ఎగిరి గంతేసి, "చాలు! ఇదే కొంటున్నాం!" అని అరిచింది. నేను ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను.

మా ఆయన దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, దాటొచ్చిన మడుగు వంక తిరిగి చూశాడు. తర్వాత దిగి, "ఇప్పుడు నువ్వు ఇవతలికి తీసుకురామ్మా" అన్నాడు.

"నేనెందుకు నాన్నా? నువ్వున్నావుగా."

"తీసుకురా."

స్తుతి ఎక్కింది. స్కూటీ నడిపినట్టే నడిపింది పాపం. మడుగు సగంలో చక్రానికీ పైరేకుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగడమే మానేసింది. ఇంకా తొక్కింది, ఇంకా దిగింది. కాసేపటికి బండి కడుపు నేలకి ఆనింది. నలుగురం నెట్టాం. కదిలితే ఒట్టు.

"ఆ రెండోదాంతో లాగుదాం" అని మా ఆయనే బూడిదదాని దగ్గరికి నడిచాడు. నాలుగు జతల కళ్లు చూస్తుండగా ఎక్కి కూర్చున్నాడు. స్టార్టు చేశాడు. క్లచ్చి మీద కాలు పడిందో లేదో ఆయనకి తెలియడం లేదు, తల వంచి చూసుకున్నాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు, మళ్లీ ఆగింది. మూడోసారి, కుడిచేత్తో ఎడమ మోకాలు పట్టుకుని ఎత్తి, ఎవరి కాలో తెచ్చి పెట్టినట్టు, క్లచ్చి మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి తీస్తే కాలు పక్కకి జారిపోయింది.

స్తుతి చూసింది. నేను దాని ముఖమే చూస్తున్నాను, అందుకే చెబుతున్నాను, ఆ చూపు నా శత్రువుకి కూడా వద్దు.

మా ఆయన మెల్లగా దిగి మెకానిక్కుని ఎక్కమన్నాడు. ఆ అబ్బి చిన్న లివరు వేసి, తాడు కట్టి, ఎర్ర బండినీ దాని వెనక ట్రాలీనీ కలిపి లాగేశాడు. గొడవా లేదు, గోలా లేదు. తర్వాత అదే ట్రాలీని దానికి తగిలించి మడుగు దాటి పోయి తిరిగొచ్చాడు. పత్తికట్టె కూడా అడగలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసమ్మా?" అంది స్తుతి నాతో.

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను.

"దాన్నేమీ అనమాక. నేనే చెప్పొద్దన్నా" అన్నాడు మా ఆయన. గట్టు మీద చతికిలబడి కాలు చాపుకున్నాడు. "ఈ కాలు రెండేళ్లుగా నాది కాదమ్మా. వెంట వస్తుందంతే."

"సరే. అయితే ఆటోమేటిక్కే కొందాం. దానికి ఆ కాలు అక్కర్లేదు. నువ్వు నడిపితే పోతుందిగా, ఇందాక పోయిందిగా!"

"నేను నడిపితే పోద్ది. నేనెన్నాళ్లు నడుపుతా? ఎడమది అయింది, కుడిది ఎప్పుడో ఎవరికి తెలుసు? ఆ రోజు నువ్వు ఈ మడుగులో ఒక్కదానివే దిగబడి ఏడుస్తుంటావా?"

"వాన పడ్డ రెండు రోజులు పని మానేస్తాం."

"వాన వెలిసిన మర్నాడేనే పురుగు లేచేది! ఆ రెండు రోజులే నీ పని. ఎండలో అయితే ప్రతివాడూ కొడతాడు, నీ డ్రోను ఎందుకు?" ఆయన గొంతు కొంచెం లేచింది, మళ్లీ తగ్గింది. "బండి ఎవరి కోసం కొంటున్నావమ్మా? చేల కోసమా, నా కోసమా?"

"నీ కోసం" అంది స్తుతి. నిలబడలేక ఆయన పక్కన కూలబడి ఆయన చొక్కా పట్టుకుంది. "నీ కోసమే నాన్నా. బండి అనుకున్నదే నీ కోసం."

ఆయన దాని తల నిమిరాడు, కుడిచేత్తో. కరుణాకర్ దూరంగా పోయి ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు. మంచివాడే పాపం. నేను ఎర్ర బండి వంక చూసి, దేవుడా, ఈ రేగడి ఒక్క రెండు మూరలు తక్కువ లోతు పెడితే నీ సొమ్మేం పోయేదని తిట్టుకున్నాను. తప్పని తెలిసే తిట్టుకున్నాను.

"కరుణాకర్ గారూ" అని పిలిచాడు మా ఆయన. "ఆ బూడిద రంగుది. మా అమ్మాయి పేరు మీద రాయండి."

పదిహేను రోజులు స్తుతికి నేర్పాడు. ఎడమవైపు సీట్లో కూర్చునేవాడు. అక్కడ కూర్చుంటే గేరు రాడ్డు ఆయన కుడిచేతికి అందుతుంది. మొదట్లో క్లచ్చి అది తొక్కేది, గేరు ఆయన వేసేవాడు. ఇద్దరూ కలిసి ఒక మనిషిగా బండి తోలేవాళ్లు. సాయంత్రాలు ఇంటికొచ్చి, "ఇవాళ నాలుగో గేరు దాకా పోయాం" అని నాతో చెప్పేవాడు. నాలుగో రోజుకే స్తుతికి ఆయన చెయ్యి అవసరం తీరిపోయింది. తీరిపోయిందని అది చెప్పలేదు, ఇంకో పది రోజుల దాకా గేరు ఆయన చేతికే వదిలింది. ఆయనా కనిపెట్టే ఉంటాడు. ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరి మొండితనం వాళ్లది. పదిహేనో రోజు ఆయనే చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, "ఇక నువ్వే వేసుకో" అన్నాడు.

డిసెంబరు మొదట్లో రెండు రోజులు ముసురు పట్టి వెలిసింది. అదే మడుగు అవతల ఉన్న వెంకటరావమ్మ గారి మూడెకరాల మిరపకి పురుగు లేచిందని తెల్లారేసరికి ఫోను. డ్రోను వెనక సీట్లో పెట్టాం, ట్రాలీ తగిలించాం. మందు కలపడానికి మనిషి కావాలిగా, ఆ మనిషిని నేనే. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ. మందు చోటికి ఆయన రాకూడదు. కాబట్టి ఎడమవైపు సీట్లో నేను కూర్చున్నాను. కూర్చుంటుంటే ఆయన కళ్లలోకి చూడలేకపోయాను.

"డొంక మొదటి దాకా వస్తాలే" అని మా కంటే ముందే బయల్దేరి నడిచాడు. మేం పోయేసరికి అక్కడ వంగి మట్టి పిడికిట పట్టి నలిపి చూస్తున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు.

"బంక బంకగా ఉంది. చిన్న లివరు వేసుకో. ఆ మడుగులో దిగాక ఏం జరిగినా సరే ఆపమాక. ఆపావంటే ట్రాలీ వెనక్కి లాగుద్ది, ఇక లేవదు" అన్నాడు కిటికీలోంచి. స్తుతి తలూపింది.

బండి డొంకలో దిగింది. ఆయన ఊరుకోవచ్చుగా! పక్కనే నడవడం మొదలుపెట్టాడు, చక్రం వంకే చూస్తూ, చేత్తో కుడికి, ఎడమకి అని చూపిస్తూ. బండి ఆయన కంటే జోరుగా పోతోంది. అందుకోవాలని ఇంకా వేగంగా అడుగులు వేశాడు. మేం మడుగులో దిగాం. ఆయన వెనకబడ్డాడు. నేను పక్క అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఎడమ కాలు రేగడిలో దిగిపోయింది, ఆయన దాన్ని వదిలేసి ముందుకి వచ్చినట్టు బోర్లా పడ్డాడు. చేతులు ఆనించి లేవబోయాడు. ఎడమ చెయ్యి మడత పడిపోయి మళ్లీ పడ్డాడు.

"అమ్మా! నాన్న!" స్తుతి కూడా చూసింది. దాని కాలు బ్రేకు మీదకి పోతోంది. "ఆపనా అమ్మా?"

ఆయన బురదలోంచి తల ఎత్తి, కుడిచెయ్యి పైకి లేపి, ముందుకి, ముందుకి అని ఊపుతున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన మాట ఒక్కటి సరిగా విన్న పాపాన పోలేదు నేను. తలుపు తీసుకుని దూకేద్దామనిపించింది.

"ఆపొద్దంటున్నాడుగా. పోనియ్యి" అన్నాను.

స్తుతి గుక్కపెట్టి ఏడుస్తూనే కాలు తీయకుండా తొక్కింది. నాలుగు చక్రాలూ లాగాయి. మడుగు దాటాం, గట్టెక్కాం, ట్రాలీ కూడా ఎక్కింది. ఎక్కాక తిరిగి చూస్తే ఆయన ఇంకా లేవలేదు, కుడిచెయ్యి మాత్రం ముందుకి అని ఊపుతూనే ఉన్నాడు.